మొలకతో కొలిచిన రోజులు

మొక్కల హార్మోన్ల కథ – 6వ భాగం

గత భాగం 1919 దగ్గర ఆగింది. అప్పటికి తేలింది ఇంతే. గడ్డి జాతి మొలక కొసలో ఏదో తయారవుతోంది, అది కిందికి దిగితేనే మొలక సాగుతోంది. కొస కోసి, మోడు మీద పల్చటి జెలటిన్ పొర పెట్టి, దాని మీద మళ్లీ ఆ కొసను నిలబెడితే ఆ 'ఏదో' జెలటిన్‌ను దాటి కిందికి వెళ్తుందని కోపెన్‌హేగెన్‌లో బోయ్సెన్ జెన్సెన్ చూపించాడు. కోసిన కొసను మోడు మీద ఒక పక్కకు జరిపి పెడితే చిమ్మచీకట్లోనూ మొలక రెండో పక్కకు వంగుతుందని హంగరీలో ఆర్పాద్ పాల్ చూపించాడు. పదార్థం ఉందనడంలో ఇక అనుమానం లేదు. దాన్ని బయటికి తీసి ఇదిగో అని చూపించడం మాత్రం ఎవరివల్లా కాలేదు.

ఎందుకు కాలేదో కాస్త ఆగి చెప్పుకోవాలి. ఈ భాగమంతా ఆ చిక్కు చుట్టూనే తిరుగుతుంది. మొక్కలో ఏదైనా ఉందంటే ఎవరికైనా ముందు తోచేది నూరి రసం తీయడమే. జర్మన్ శాస్త్రజ్ఞుడు పీటర్ స్టార్క్ 1921లో అదే చేశాడు. మొక్కల రసాన్ని అగర్‌లో కలిపి, గడ్డకట్టాక చిన్న చిన్న ముక్కలుగా కోసి, కొస తీసేసిన మొలక మీద ఒక పక్కగా పెట్టాడు. రసంలో పెరుగుదల పదార్థం ఉంటే, ముక్క ఉన్న పక్క ఎక్కువ సాగి మొలక అవతలి వైపుకు వంగాలి. జరిగింది సరిగ్గా తలకిందులు. ముక్క పెట్టిన పక్కే ఎదుగుదల తగ్గింది, మొలక ముక్క వైపుకే వంగింది.

మొక్కను నూరితే హార్మోను ఒక్కటే బయటికి రాదు. కణంలో వేర్వేరు గదుల్లో ఉన్నవన్నీ ఒక్కసారిగా కలిసిపోతాయి. పెరుగుదలను అడ్డుకునేవి, హార్మోనును విరగ్గొట్టే ఎంజైములు, ఫినాల్ జాతి పదార్థాలు అన్నీ ఆ పసరులో ఉంటాయి. కావలసింది అందులో ఎంత? గ్రాము పచ్చి ఆకులో నానోగ్రాముల లెక్క. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. స్టార్క్ పద్ధతి మంచిదే. అతను నూరడం దగ్గర దెబ్బతిన్నాడు.

ఫ్రిట్స్ వెంట్ నూరడం మానేశాడు.

1926లో అతని వయసు 22. తండ్రి ఎఫ్.ఎ.ఎఫ్.సి. వెంట్ నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యుడు. కొడుకు పగలు సైన్యంలో నిర్బంధ సేవ చేసి, రాత్రిళ్లు తండ్రి ప్రయోగశాలలో పని చేసుకునేవాడు. ఓట్స్ మొలకల కొసలు కోసి, వాటిని నూరకుండా, పల్చటి అగర్ పలక మీద పక్కపక్కనే నిలబెట్టాడు. గంటో రెండు గంటలో వాటిని అలాగే వదిలేశాడు. కొసలు బతికే ఉన్నాయి కనుక వాటి పని అవి చేసుకుపోతాయి. కిందికి పంపాల్సిన దాన్ని మోడులోకి బదులు అగర్‌లోకి పంపుతాయి. తర్వాత కొసలు తీసేసి, పలకను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను కొస లేని మొలక మీద ఒక పక్కగా అంటించాడు. ఏప్రిల్‌లో ఒక రాత్రి, తెల్లవారుజామున మూడింటికి, మొలక ముక్కకు అవతలి వైపుకు వంగి కనిపించింది.

వెంట్ ఇంటికి పరుగెత్తి తండ్రిని నిద్ర లేపాడు. పొద్దున మళ్లీ చేసి చూపించు, నిజమైతే మళ్లీ వస్తుంది అని చెప్పి తండ్రి పడుకున్నాడట. చాలా ఏళ్ల తర్వాత వెంట్ స్వయంగా రాసిన సంగతి ఇది. పొద్దున మళ్లీ వచ్చింది. ఆ తండ్రి పెట్టిన షరతును పాఠకులు గుర్తుంచుకోవాలి. తర్వాత పదేళ్లలో అదే ఊళ్లో ఆ షరతుకు ఏ గతి పట్టిందో చూస్తాం.

ఆ రాత్రి దొరికింది పదార్థం కాదు, దాన్ని కొలిచే సాధనం. 1928లో అచ్చయిన వెంట్ సిద్ధాంత గ్రంథంలో అసలు విలువ అక్కడే ఉంది. అగర్‌లో పదార్థం ఎంత ఎక్కువుంటే మొలక అంత ఎక్కువ వంగుతోంది. సుమారు 20 డిగ్రీల దాకా ఈ లెక్క గీత గీసినట్టు సాగుతుంది. ఆ పదార్థం ఏమిటో, దాని రసాయన రూపం ఏమిటో తెలియకుండానే అది ఎంత ఉందో చెప్పగలిగారు. రసాయనశాస్త్రం చేతులెత్తేసిన చోట కోణమానిని పనికొచ్చింది. ఈ ఆలోచన నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

ఆ పరీక్ష చేసే తీరు దగ్గరగా చూడదగ్గది. కిటికీలు లేని గది. లోపల ఎర్ర దీపం ఒక్కటే, ఎందుకంటే ఓట్స్ మొలక ఎర్ర వెలుతురుకు వంగదు. మామూలు వెలుతురు రవ్వంత తగిలినా అది దీపం వైపుకు తిరిగి కొలత మొత్తం పాడవుతుంది. గది వేడి ఏడాదంతా ఒకేలా ఉండాలి. గాలిలో తేమ 90 శాతం దగ్గర నిలవాలి, లేకపోతే అగర్ ముక్క ఎండి ముడుచుకుపోతుంది. గింజలు ఒకే రకానివి కావాలి. స్వీడన్‌లోని స్వాలోవ్‌లో తీసిన 'విక్టరీ' రకం ఓట్స్ ఇందుకు ప్రపంచమంతటా వాడారు. పొట్టు తీసి, నానబెట్టి, గాజు పట్టీల్లో ఒక్కొక్కటిగా గుచ్చి, నిటారుగా పెంచుతారు. మొదటి ఆకును కప్పుకుని పైకి వచ్చే తెల్లటి తొడుగు రెండున్నర, మూడు సెంటీమీటర్లయ్యాక దాని కొస కోస్తారు. మూడు గంటలు ఆగి మళ్లీ కొంచెం కోస్తారు. ఈ రెండో కోత ఎందుకంటే, కొస పోయిన మోడు ఊరుకోదు. పైభాగం నెమ్మదిగా తానే కొస పాత్ర తీసుకుని హార్మోను తయారు చేయడం మొదలుపెడుతుంది. తర్వాత తొడుగు లోపలి ఆకును పట్టకారుతో సుతారంగా పైకి లాగుతారు. అది అడుగున తెగి, కొంచెం పైకి జారి నిలబడుతుంది. అగర్ ముక్కకు ఆనుకునే ఆసరా అదే. గంటన్నర తర్వాత మొలకల వరస వెనక ఫొటో కాగితం పెట్టి నీడ తీస్తారు. ఆ నీడల మీద కోణాలు కొలిచి, వరసలోని డజను మొలకల సగటు తీసుకుంటారు.

ఇందులో ప్రతి అడుగూ చేతి నైపుణ్యం మీద నడిచేదే. చెయ్యి వణికితే మొలక పోతుంది. ఒకే రోజు, ఒకే గదిలో, ఒకే మనిషి చేసినా రెండు మొలకలు ఒకేలా వంగవు. అందుకే ఎప్పుడూ తెలిసిన మోతాదు ఉన్న మరో వరసను పక్కన పెట్టి పోల్చి చూసేవారు. ఉట్రెక్ట్ వాళ్లు ఒక ప్రమాణం కూడా పెట్టుకున్నారు. రెండు ఘన మిల్లీమీటర్ల అగర్ ముక్కతో మొలకను 10 డిగ్రీలు వంచే మోతాదు ఒక 'అవెనా యూనిట్'. అవెనా అంటే ఓట్స్ మొక్క శాస్త్రీయ నామం. ఒక మిల్లీగ్రాము స్వచ్ఛమైన పదార్థంలో ఇలాంటి యూనిట్లు కోట్లలో ఉంటాయని తర్వాత తేలింది. ఆ కాలపు ఏ రసాయన త్రాసూ ఈ సూక్ష్మతకు దరిదాపుల్లో లేదు.

కొలిచే సాధనం చేతికొచ్చాక, ఎక్కువ దొరికేచోటు వెతకడమే తరువాయి. అదే ఉట్రెక్ట్‌లో రసాయన ఆచార్యుడు ఫ్రిట్జ్ కోగ్ల్, అతని సహాయకులు హాగెన్-స్మిట్, హన్నీ ఎర్క్స్‌లేబెన్ చేతికందిన ప్రతి దాన్నీ ఓట్స్ మొలక మీద పెట్టి చూశారు. అన్నిటికంటే ఎక్కువ వంచింది మనిషి మూత్రం. మొలక కొసల్లో మిల్లీగ్రాము కావాలంటే లక్షల కొసలు కోయాలి, మూత్రం పీపాలకొద్దీ దొరుకుతుంది. 1931 నుంచి వాళ్లు దాన్ని ఆమ్లీకరించి, ఈథర్‌లోకి లాగి, శుద్ధి చేసి, ప్రతి మెట్టులోనూ ఏ భాగంలో హార్మోను ఉందో మొలక చేత చెప్పించుకుంటూ ముందుకెళ్లారు. చివరికి స్ఫటికాలు వచ్చాయి. దాన్ని 'ఆక్సిన్ ఎ' అన్నారు. తర్వాత మొక్కజొన్న నూనె వంటి వాటినుంచి 'ఆక్సిన్ బి' తీశామన్నారు. రెండిటికీ నిర్మాణ సూత్రాలు ప్రకటించారు. మిల్లీగ్రాము ఆక్సిన్ ఎలో 5 కోట్ల అవెనా యూనిట్లు ఉన్నాయని లెక్క చెప్పారు.

1934లో అదే మూత్రం నుంచి ఇంకొకటి కూడా దొరికింది. అది ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం. రసాయన శాస్త్రజ్ఞులకు అప్పటికే పాత చుట్టం. 1885లో సాల్కోవ్‌స్కీ సోదరులు కుళ్లిన పదార్థాల్లో దీన్ని గుర్తించారు. చాలా చిన్న అణువు. ఉట్రెక్ట్ వాళ్లు దీనికి 'హెటెరో ఆక్సిన్' అని పేరు పెట్టారు, అంటే వేరే జాతి ఆక్సిన్ అన్నమాట. అసలు హార్మోన్లు ఎ, బి లేనని, ఇది పక్కదారిన వచ్చిందని వాళ్ల ఉద్దేశం. 1935లో కెన్నెత్ థైమన్ రైజోపస్ అనే బూజు పెంచిన ద్రవం నుంచి కూడా ఇండోల్ ఎసిటిక్ ఆమ్లాన్నే తీశాడు. అయినా పాఠ్యపుస్తకాలు ఎ, బి లకే పెద్దపీట వేశాయి.

కష్టం ఏమిటంటే, ఉట్రెక్ట్ బయట ఆక్సిన్ ఎ, బి ఎవరికీ దొరకలేదు. ఉట్రెక్ట్ స్ఫటికాలు కూడా నిలవ ఉంచితే శక్తి కోల్పోతున్నాయని, అణువు లోపల అమరిక మారిపోవడమే కారణమని కోగ్ల్ వివరించాడు. పొద్దున మళ్లీ చేసి చూపించమన్న షరతు ఇక్కడ గాల్లో కలిసిపోయింది. కోగ్ల్ 1959లో చనిపోయాడు. సీసాలు మాత్రం మిగిలాయి. వాటి దగ్గరికి మళ్లీ వస్తాం.

ఈలోగా అమెరికాలో ఇంకో ప్రశ్న పుట్టింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికీ గుండెకాయ లాంటి ప్రశ్న అదే. అగర్‌లోకి వచ్చేది మొక్క తనంతట తాను వదిలిన హార్మోను. కానీ ఆకులోనో వేరులోనో మొత్తం ఎంత ఉందో తెలియాలంటే ద్రావణితో లాగక తప్పదు. ఈథర్ వాడేవారు. ఆ ఈథర్‌తోనే పెద్ద తంటా. కొంతకాలం నిలవ ఉన్న ఈథర్‌లో పెరాక్సైడ్లు పుడతాయి. అవి ఆక్సిన్‌ను నాశనం చేస్తాయి. అందుకని వాడే ముందు ప్రతిసారీ ఫెర్రస్ సల్ఫేట్, సున్నం కలిపి కొత్తగా బట్టీ పట్టేవారు. ఇంత జాగ్రత్తపడ్డా ఒక్కో ప్రయోగశాల ఒక్కో అంకె చెప్పేది.

1940లో హార్వర్డ్‌లో థైమన్, స్కూగ్ చెరువు నీటి మీద పచ్చగా పరుచుకునే లెమ్నా అనే బుల్లి మొక్కను తీసుకుని ఈథర్‌లో వేశారు. ఒకసారి ఆక్సిన్ లాగేశాక ఇక రాకూడదు కదా. ఈథర్ మార్చి మళ్లీ పెడితే మళ్లీ వచ్చింది. ఇంకోసారి మారిస్తే ఇంకోసారి వచ్చింది. నెలల తరబడి వస్తూనే ఉంది. మొక్కను ముందే ఉడికించి పెడితే ఆ ఊట తగ్గింది. అంటే చచ్చిన కణజాలంలో కూడా ఎంజైములు పనిచేస్తున్నాయి, ఎక్కడో వేరే అణువులకు అంటిపెట్టుకుని ఉన్న ఆక్సిన్‌ను విడదీసి ఈథర్‌లోకి వదులుతున్నాయి. ప్రొటీన్లను కోసే ఎంజైము కలిపితే ఇంకా ఎక్కువ వచ్చింది.

దీని అర్థం ఏమిటో ఆలోచిస్తే ఆనాటి శాస్త్రజ్ఞుల గుండె జారి ఉండాలి. మూడు గంటలు ఈథర్‌లో ఉంచితే ఒక అంకె, మూడు వారాలు ఉంచితే ఇంకో అంకె. ఇందులో మొక్క బతికుండగా దానిలో నిజంగా ఉన్నదెంత? అంతటితో అయిపోలేదు. 1943లో గోర్డన్, వైల్డ్‌మన్ ఇంకా ఇబ్బంది పెట్టే సంగతి కనిపెట్టారు. ట్రిప్టోఫాన్ ప్రతి జీవిలోనూ ఉండే అమైనో ఆమ్లం. కొద్దిపాటి క్షారంలో ఉంచితే చాలు, దాన్నుంచి మొలకను వంచే పదార్థం పుట్టుకొచ్చింది. హార్మోను తీయడానికి వాడే పద్ధతే హార్మోనును తయారు చేస్తోంది! మొక్కలో లేనిది సీసాలో కనిపించవచ్చు, ఉన్నది కనపడకుండానూ పోవచ్చు.

అంటుకుని ఉన్న ఆక్సిన్ సంగతి తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బండుర్‌స్కీ బృందం మొక్కజొన్న గింజలో ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం చాలామటుకు ఇనోసిటాల్ వంటి వాటితో ఎస్టర్ బంధంలో దాగి ఉంటుందని చూపించింది. మొలకెత్తేటప్పుడు అక్కర కొద్దీ విడుదలవుతుంది. ఈ ఎస్టర్లను విడదీయడానికి మామూలు గది వేడిలో పల్చటి క్షారం సరిపోతుంది. అమైనో ఆమ్లాలతో బిగిసిన దాన్ని విడదీయాలంటే 7 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 100 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉడికించాలి. ఆ ఉడుకులో క్యాబేజీ జాతి మొక్కల్లోని వేరే ఇండోల్ పదార్థాలు కూడా విరిగి ఇండోల్ ఎసిటిక్ ఆమ్లంగా మారతాయి. కాబట్టి ఆ అంకెను నమ్మే ముందు ఎంతో తీసివేత చేయాలి.

పసరులో కలిసి వచ్చే అడ్డంకుల్ని వేరు చేసే మార్గం 1950ల మొదట్లో లండన్‌లో దొరికింది. బెన్నెట్-క్లార్క్, కెఫర్డ్ పసరు చుక్కను పొడవాటి వడపోత కాగితం పట్టీ మీద పెట్టి, ఐసోప్రొపనాల్, అమ్మోనియా నీళ్ల మిశ్రమాన్ని దాని వెంట పాకనిచ్చారు. కాగితం మీద పదార్థాలు వాటి వాటి వేగంతో పాకి విడిపోయాయి. పట్టీని ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కతో పాటు మొలక తొడుగు తునకలు నానబెట్టి, ఎక్కడ పెరిగాయో ఎక్కడ ఆగిపోయాయో కొలిచారు. ఒకచోట పెరుగుదల, అది ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం. ఇంకోచోట పెరుగుదల పూర్తిగా కుదేలు. ఆ చోటుకు 'ఇన్హిబిటర్ బీటా' అని పేరు పెట్టారు. స్టార్క్ మొలకను తప్పుదారి పట్టించిన అడ్డంకుల్లో ఒకటి ఇలా మొదటిసారి తన సొంత చోటులో విడిగా కనిపించింది. ఏ మొక్క తీసుకున్నా ఆ మచ్చ దాదాపు అక్కడే తేలింది.

ఆ మచ్చ ఏమిటో పత్తి చెప్పింది. కాలిఫోర్నియాలో యంత్రాలతో పత్తి తీయాలంటే ఆకు ముందే రాలాలి. ఆకులు, కాయలు ఎందుకు రాలతాయో ఫ్రెడరిక్ అడికాట్ ఏళ్ల తరబడి పరిశోధించాడు. అతని కొలత పరికరం కూడా మొక్కే. లేత పత్తి మొలక నుంచి రెండు బీజదళాల కాడలతో ఉన్న చిన్న ముక్క కోసి, దాని మీద పసరు చుక్క పెట్టి, కాడ ఎంతసేపట్లో ఊడిపోతుందో చూడటం. 1963లో అతని బృందంలోని ఓకుమా తదితరులు ఎండు బరువులో 225 కిలోల లేత పత్తి కాయల నుంచి 9 మిల్లీగ్రాముల స్ఫటికాలు తీశారు. మళ్లీ చదవండి: 225 కిలోలకు 9 మిల్లీగ్రాములు. అదే సమయంలో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో వేరింగ్ బృందం, చెట్లను శీతాకాలం నిద్రపుచ్చే పదార్థం కోసం సికమోర్ ఆకుల్ని వెతుకుతోంది. వినికిడి పూర్తిగా పోయినా రసాయనశాస్త్రంలో నోబెల్ దాకా వెళ్లిన జాన్ కార్న్‌ఫోర్త్ ఆ రెండూ ఒకటేనని 1965లో తేల్చాడు. 1967లో ఒట్టావాలో జరిగిన సదస్సులో దానికి ఆబ్సిసిక్ ఆమ్లం అన్న పేరు ఖాయమైంది. ఇన్హిబిటర్ బీటాలో ప్రధానంగా ఉన్నది ఇదే.

మన పత్తి చేలల్లో ఈ చరిత్రకు రోజువారీ రూపం ఒకటుంది. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ రైతులు గూడ, పూత, పిందె రాలుతున్నప్పుడు 4.5 లీటర్ల నీటికి మిల్లీలీటరు చొప్పున ప్లానోఫిక్స్ కలిపి కొట్టడం మామూలే. అందులో ఉన్నది నాఫ్తలిన్ ఎసిటిక్ ఆమ్లం, ఇండోల్ ఎసిటిక్ ఆమ్లానికి ప్రయోగశాలలో పుట్టిన దగ్గరి బంధువు. కాడ దగ్గర ఆక్సిన్ బలంగా ఉన్నంతసేపు అక్కడ తెగే పొర ఏర్పడదు. మోతాదు మించితే ఫలితం తిరగబడుతుంది. చెంచాతో కొలిచే ఆ మందు వెనక, చీకటి గదిలో మొలక వంపు కొలిచిన వాళ్ల ఓపిక ఉంది.

ఆబ్సిసిక్ ఆమ్లానికి ఒక అదృష్టం ఉంది. దాని అణువు ధ్రువిత కాంతిని చాలా గట్టిగా తిప్పుతుంది, అందులోనూ అతినీలలోహిత ప్రాంతంలో. పూర్తిగా శుద్ధి చేయని పసరులో కూడా ఆ తిప్పుడును బట్టి అది ఎంత ఉందో చెప్పవచ్చని 1966లో కార్న్‌ఫోర్త్, మిల్‌బరో, రైబాక్ చూపించారు. ఇక్కడే మొక్క చేతిలోంచి కొలత యంత్రం చేతిలోకి మారడం మొదలైంది. 1969లో ఇంగ్లండ్‌లోని వై కాలేజీలో రైట్, హైరన్ గోధుమ ఆకులు తెంపి వాడబెట్టి ఇదే పద్ధతిలో కొలిచారు. వాడిన ఆకులో ఆబ్సిసిక్ ఆమ్లం దాదాపు 40 రెట్లు పెరిగింది. నీరందని మొక్క తన ఆకురంధ్రాలు ఎలా మూసుకుంటుందన్న ప్రశ్నకు తలుపు తెరిచింది ఈ కొలతే. ఇందులోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. పొలంలో ఆకు కోసి, సంచిలో వేసుకుని, తీరిగ్గా ప్రయోగశాలకు తెచ్చి కొలిస్తే కనిపించేది పొలంలోని ఆకు కాదు, సంచిలో వాడిన ఆకు. కోసిన చోటే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచే అలవాటు అందుకే స్థిరపడింది. ఆ తర్వాత కరగనివ్వకుండా పొడిచేసి, చల్లటి మిథనాల్‌లోకి తీసుకుంటారు.

యంత్రాల్లో అసలు తీర్పరి మాస్ స్పెక్ట్రోమీటర్. అణువును ముక్కలు చేసి ఆ ముక్కల బరువులు చెబుతుంది. 1960ల్లో బ్రిస్టల్‌లో జేక్ మెక్‌మిలన్ గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కు దీన్ని జతచేసి జిబ్బరెలిన్లు అనే హార్మోన్లను వరసగా పట్టుకున్నాడు. ఉట్రెక్ట్ సీసాలకూ దీనివల్లే మోక్షం కలిగింది. 1966లో ఫ్లీగెంతార్ట్ అన్న ఒకే ఇంటిపేరుగల ఇద్దరు శాస్త్రజ్ఞులు కోగ్ల్ ప్రయోగశాలలో మిగిలిన ఆక్సిన్ ఎ, బి నమూనాలను మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టారు. ప్రకటించిన నిర్మాణం ఒక్కదానిలోనూ లేదు. వాటిలో ఉన్నవి రసాయనశాస్త్రానికి ఎప్పటినుంచో తెలిసిన వేరే పదార్థాలు. ముప్పై ఏళ్లు పాఠ్యపుస్తకాల్లో ఉన్న రెండు హార్మోన్లు ప్రకృతిలో లేనే లేవు. అది మోసమా, అసమర్థతా అన్న వాదన తర్వాత చాలాకాలం నడిచింది. పక్కదారిన వచ్చిందని పేరు పెట్టిన 'హెటెరో ఆక్సిన్' మాత్రమే నిజమైన ఆక్సిన్‌గా మిగిలింది. ఆ ముప్పై ఏళ్లలో ఎంతమంది కుర్రవాళ్లు లేని పదార్థం కోసం ఎన్ని రాత్రులు ఎర్ర దీపం కింద గడిపి, తప్పు తమదేనేమో అనుకున్నారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఏమిటి అన్నది తేల్చినంత తేలిగ్గా ఎంత అన్నది యంత్రం కూడా చెప్పలేదు. తీయడంలో, వడకట్టడంలో, ఆమ్లం కలిపి ఈథర్‌లోకి లాగడంలో, ఎండబెట్టడంలో ప్రతిచోటా కొంత పోతుంది. సగం పోవచ్చు, పదింట తొమ్మిది వంతులూ పోవచ్చు. చివరికి మిగిలినదాన్ని ఎంత కచ్చితంగా తూచినా మొదట ఉన్నదెంతో దానివల్ల తెలియదు. దీనికి సమాధానం ఐసోటోపు. లెక్క తెలియని మందలోకి గొల్లలు రంగు పూసిన పది గొర్రెల్ని తోలారనుకోండి. తోవలో ఎన్ని తప్పిపోయినా, రంగువీ రంగు లేనివీ ఒకేలా తప్పిపోతాయి. చివరికి దొడ్లో చేరినవాటిలో వాటి పాళ్లు చూస్తే మొదటి మంద ఎంతో లెక్క కట్టవచ్చు. 1986లో కోహెన్, బాల్డి, స్లోవిన్ ఇండోల్ ఎసిటిక్ ఆమ్లంలోని బెంజీన్ వలయంలో ఉన్న ఆరు కార్బన్లనూ బరువైన కార్బన్-13తో మార్చిన నమూనాను ప్రకటించారు. రసాయన గుణాల్లో అసలుకూ దీనికీ తేడా లేదు, బరువు మాత్రం ఆరు యూనిట్లు ఎక్కువ. ఆకును పొడిచేసిన వెంటనే తెలిసిన మోతాదులో దీన్ని కలిపేస్తారు. చివర్లో మాస్ స్పెక్ట్రోమీటర్‌లో మొక్క సొంత ఆక్సిన్ ముక్క 130 దగ్గర, కలిపినది 136 దగ్గర కనిపిస్తాయి. ఆ రెండు శిఖరాల నిష్పత్తిలోనే జవాబు ఉంటుంది. దారిలో ఎంత పోయిందన్న బెంగ తీరింది. వెంట్ తన ఓట్స్ వరస పక్కన పెట్టుకున్న పోలిక వరస చేసిన పనే ఇది, ఈసారి అదే పసరు లోపలే.

ఇంకొన్ని హార్మోన్లకు పాత పద్ధతిలోనే, కిలోలకొద్దీ సరుకు పోగుచేసి తీయడమే దారి అయింది. బ్రాసినోలైడ్ కోసం 1970ల్లో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు తేనెటీగలు పోగుచేసిన ఆవ జాతి పుప్పొడి 227 కిలోలు సేకరించి, 1979లో దాన్నుంచి 4 మిల్లీగ్రాముల స్ఫటికాలు తీశారు. ఎక్స్‌రేలతో నిర్మాణం తేల్చడానికి అది సరిపోయింది. ఇథిలిన్ అనే హార్మోను వాయువు కాబట్టి నూరే గొడవే లేదు. దాని కథ వేరే భాగంలో వస్తుంది.

ఎంత తక్కువ కణజాలం చాలు అన్నదే ఆ తర్వాత పోటీ. స్వీడన్‌లోని ఉమెయోలో సాండ్‌బెర్గ్, సుండ్‌బెర్గ్ బృందం ఇందులో చాలా దూరం వెళ్లింది. 1996లో ఉగ్లా తదితరులు స్కాట్స్ పైన్ చెట్టు కాండం ముక్కను గడ్డకట్టించి, బెరడు నుంచి చెక్క వైపుకు ఒక్కొక్కటి 30 మైక్రోమీటర్ల మందంతో పొరలు పొరలుగా కోశారు. కాయితం కంటే పల్చటి పొరలు. ప్రతి పొరలోనూ ఆక్సిన్‌ను విడిగా, కార్బన్-13 జతతో కొలిచారు. కణాలు విభజన చెందే కాంబియం దగ్గర గీత నిటారుగా లేచింది. అటు బెరడు వైపు, ఇటు చెక్క వైపు దిగిపోయింది. ఏ కణం చెక్కవుతుందో, ఏది పోషక నాళమవుతుందో తేలడానికి ఆక్సిన్ మోతాదే తనెక్కడున్నదో కణానికి చెబుతోందన్న వాదనకు ఇంత గట్టి ఆధారం అంతకు ముందు లేదు. చెట్టును మొత్తంగా నూరి ఉంటే ఒకే ఒక్క సగటు అంకె వచ్చేది, ఈ శిఖరం అందులో కలిసి మాయమయ్యేది.

2009లో అదే ఉమెయో బృందం అరబిడోప్సిస్ అనే చిన్న మొక్క వేరు కొసలోని కణాల్ని, మెరిసే ప్రొటీన్ గుర్తుల సాయంతో రకాలవారీగా ఏరి, రకానికొక అంకె చెప్పింది. మరో మూడేళ్లకు ఫ్రాన్స్‌లో ఒక బృందం ఆక్సిన్ చేరగానే తరిగిపోయే మెరుపు ప్రొటీనును మొక్కలోనే పెట్టి, బతికున్న కణాన్ని సూక్ష్మదర్శిని కింద చూసింది. నూరడం, కోయడం, గడ్డకట్టించడం ఏవీ లేవు. కానీ ఆ మెరుపు ఎక్కువ తక్కువల్ని చెబుతుంది, నానోగ్రాములు చెప్పదు. ఆ అంకె కావాలన్నవాళ్లు ఈనాటికీ ఆకును ద్రవ నైట్రోజన్‌లో ముంచి, 136 దగ్గర కనిపించే జతను కలిపి, మొదటి నుంచి మొదలుపెడుతున్నారు.

(వచ్చే భాగం: జపాన్ వరి పొలాల్లో పొడవుగా సాగి పడిపోయిన పైరు నుంచి జిబ్బరెలిన్ బయటపడిన తీరు, 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావు పండించిన ఐఆర్ 8 ఎందుకు పొట్టిగా నిలబడిందో 2002లో ఆ హార్మోన్ కొలత ఎలా చెప్పింది.)